వాడ నుంచి చరిత్ర – 6: కూసో నాయినా, టికెట్ కొన్నవు గదా

మిత్రులారా, ఈసారి రోడ్ల గురించి, బస్సుల గురించి మాట్లాడుకుందాం. హైదరాబాద్ రోడ్ల చరిత్ర అనగానే ఫ్లైఓవర్ల లెక్క, మెట్రో పొడవు చెబుతారు. ఆ లెక్కలు నేనూ చెబుతాను. కానీ ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

పోయిన సెమిస్టర్‌లో డిగ్రీ పిల్లలకు జాషువా 'గబ్బిలం' చెబుతున్నాను. మొదటి గంట క్లాసు. ఒకమ్మాయి వారంలో మూడు రోజులు అటెండెన్స్ అయిపోయాక వచ్చేది. నేను ఆబ్సెంట్ వేసేవాణ్ణి. 75 శాతం హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఒకరోజు కాస్త కటువుగానే అడిగాను, "ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కదమ్మా, ఇంకేం ఇబ్బంది?" అని. ఆ పిల్ల తల దించుకోలేదు. "ఫ్రీయే సార్. కానీ బస్సు ఫ్లైఓవర్ ఎక్కి పోతది. మా స్టాపు కింద ఉంటది" అంది.

వాళ్లది ఊరి మధ్య బస్తీ తీసేశాక నగరం చివర కట్టి ఇచ్చిన ఇళ్ల కాలనీ. తల్లి కాంట్రాక్టు కింద రోడ్లు ఊడ్చే పని చేస్తుంది. తెల్లారుజామున ఐదింటికల్లా పనిలో ఉండాలి. ఆ వేళకు ఆ కాలనీ నుంచి బస్సే లేదు. నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి ఆటో మాట్లాడుకుంటారు. నగరం రోడ్డు ఊడ్చడానికి వెళ్లే మనిషి సొంత డబ్బులు పెట్టుకుని ఆ రోడ్డు దాకా వెళ్లాలి.

ఆ రోజు పాఠం సరిగా చెప్పలేకపోయాను. 'గబ్బిలం'లో తంజావూరు అరుంధతీసుతుడు తన బాధను శివుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. 1941 నాటి ఆ కావ్యాన్ని గుడి గురించిన కావ్యంగానే ఏళ్ల తరబడి చెప్పాను. అది దారి గురించిన కావ్యం కూడా అని ఆ అమ్మాయి మాట విన్నాకే తట్టింది. నేల మీద దారి లేనివాడు కబురును గాలిలో పంపాడు.

హైదరాబాద్ సంగతికి వచ్చేముందు కొంచెం వెనక్కి వెళ్దాం. నగరమంటే కులం లేని చోటని మనలో చాలామంది నమ్ముతాం. నగరపు వీధి పుట్టుకతోనే అలా లేదు. అయిదో శతాబ్దం మొదట్లో మన దేశం తిరిగిన చైనా యాత్రికుడు ఫాహియాన్, చండాలురు ఊరి బయట ఉంటారనీ, నగరంలోకో అంగడిలోకో వచ్చేటప్పుడు కర్రతో చప్పుడు చేస్తూ రావాలనీ రాశాడు. ఆ చప్పుడు విని మిగతావాళ్లు తప్పుకుంటారు. అంటే మన రోడ్ల మీద మొదటి హారన్ మన చేత మోగించిందే. పీష్వాల కాలపు పూణేలో అంటరానివాళ్లు నడుముకు చీపురు కట్టుకుని తమ అడుగుజాడల్ని తామే తుడిచేసుకోవాల్సి వచ్చేదని, ఉమ్మి నేలన పడకుండా మెడకు ముంత కట్టుకోవాల్సి వచ్చేదని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో రాశారు. అది 1936లో రాసింది.

1924లో కేరళలో వైకోం సత్యాగ్రహం జరిగింది. చాలామంది దాన్ని గుడి ప్రవేశ ఉద్యమం అనుకుంటారు. అడిగింది గుడి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు. ఇరవై నెలల పోరాటం తర్వాత 1925లో మూడు వైపుల రోడ్లు తెరిచారు. తూర్పు వైపు మాత్రం తెరవలేదు.

బండి సంగతి ఇంకోరకం. తొమ్మిదేళ్ల అంబేద్కర్ 1901లో అన్నతో, మేనల్లుడితో కలిసి తండ్రి దగ్గరకు కోరేగావ్ బయలుదేరాడు. రైలు దిగాక పిల్లలు మహర్లని తెలిసి ఏ బండివాడూ రాలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. 1929 నాటికి అంబేద్కర్ విదేశాల్లో చదివి వచ్చిన బారిస్టర్, ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్ స్టేషన్లో దిగితే టాంగావాలాలు అప్పుడూ ఎక్కించుకోలేదు. వాడ జనం టాంగా కిరాయికి తెచ్చి, తోలడం రాని తమవాణ్ణే తోలమన్నారు. కల్వర్టు మీద బండి అదుపు తప్పి అంబేద్కర్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. ఇరవై ఎనిమిదేళ్ల తేడాతో జరిగినవి ఇవి. మనిషి చదువు మారింది, హోదా మారింది. బండి మాత్రం సొంతదారుడి ఇష్టం మీదే నడిచింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక మన నగరం. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేశారు, రోడ్లు వెడల్పు చేశారు, పత్తర్‌గట్టి లాంటి కట్టడాలు వచ్చాయి. నగరాన్ని బాగు చేయడమంటే ముందు పేదల ఇళ్లు తీయడం అనే పద్ధతి అప్పటికే ఉంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. బస్సులు స్కాట్లాండ్ నుంచి తెచ్చిన ఆల్బియన్లు. ఆర్టీసీ బస్సు నంబరులో 'జడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని మన దగ్గర అందరూ చెప్పుకుంటారు. ఆ బస్సు నడవడానికి మట్టి తవ్వినవాళ్ల పేరు, కంకర కొట్టినవాళ్ల పేరు ఏ అక్షరంలోనూ లేదు. వడ్డెరలు రాయి కొట్టారు. పాలమూరు మాల, మాదిగలు, వెనుకబడిన కులాల కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి మట్టి మోశారు. 'పాలమూరు లేబర్' అన్న మాట అలాగే పుట్టింది.

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రవాణా చరిత్ర రాసేవాళ్లకు ఇది ఒక పాలనా వివరం. మా వాడకు అంతకంటే పెద్ద సంగతి. బండి ఒక ఆసామిది కాకుండా ప్రభుత్వానిది అయింది. ఎవరిని ఎక్కించుకోవాలన్నది తోలేవాడి ఇష్టం కాకుండా పోయింది. ఆ తర్వాత రిజర్వేషన్ వల్ల కండక్టరు, డ్రైవరు, మెకానిక్ ఉద్యోగాలు మన ఇళ్లలోకి వచ్చాయి. మా బాబాయి అలాగే కండక్టరయ్యాడు.

మా తాత చెప్పులు కుట్టేవాడు. దొర గడి ముందు నుంచి పోవాలంటే తను కుట్టిన చెప్పుల్ని తనే చేతిలో పట్టుకుని నడిచేవాడు. ఆయన బాబాయి డ్యూటీ చేసే బస్సెక్కిన రోజు కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు సీట్లో ఊరి పెద్ద కూర్చున్నాడు. పక్కన ఖాళీ. వెనకా ఖాళీలే. తాత మాత్రం కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. బాబాయి టికెట్లు కొట్టుకుంటూ వచ్చి, "కూసో నాయినా, టికెట్ కొన్నవు గదా" అన్నాడు. తాత కూర్చోలేదు. బాబాయి బస్సు కదలనివ్వలేదు. "అందరూ కూసుంటనే రైట్ చెప్త" అని ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. చివరికి తాత కూర్చున్నాడు, వెనక సీట్లో, అంచున. ఊరొచ్చేదాకా చెమటలు పట్టాయని తర్వాత చెప్పేవాడు. ఆ ఊరి పెద్ద కూడా ఆ రోజు బాబాయి చేతినుంచే టికెట్ తీసుకున్నాడు. ఆ కాగితం అందుకునేటప్పుడు చేతులు తాకాయా లేదా అన్నది మా వాడలో చాలా రోజులు నడిచిన చర్చ.

బస్సులో కులం పోయిందని నేననడం లేదు. ఊరి బస్సుల్లో లేచి సీటు ఇవ్వమన్న గొడవలు, ఆ గొడవల్లో తగిలిన దెబ్బలు మీలో చాలామందికి తెలుసు. కానీ టికెట్ మీద కులం ఉండదు. అడగడానికి అదొక ఆధారం. నేను పీజీ చదివే రోజుల్లో గది కోసం తిరిగితే ప్రతి ఇంటాయనా ఇంటిపేరు అడిగాడు. కోఠి నుంచి కొండాపూర్ పోయే 127కే బస్సులో ఎవరూ అడగలేదు. పాస్ చూపిస్తే చాలు. ఊళ్లో నన్ను ముట్టుకోని కులాలవాళ్లు ఫుట్‌బోర్డు మీద నా భుజం పట్టుకుని వేలాడారు.

ఇప్పుడు పెరిగిన నగరం లెక్కలు చూద్దాం. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ చేశారు. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు పడింది. ఎనిమిది వరుసల ఆ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాన్ని రానివ్వరు. 2017లో మెట్రో మొదలై 2020 నాటికి 69 కిలోమీటర్లకు చేరింది. మొదటి ప్లానులోనే ఉన్న పాతబస్తీ ముక్క మాత్రం అప్పుడు ఆగిపోయింది. ఎవరుండే చోట ఆగిందో చూడండి.

ఫ్లైఓవర్లు, మెట్రో వద్దని నేననను. నేనూ ఎక్కుతాను. కానీ వాటి పక్కన ఇంకో లెక్క పెట్టాలి. 2019 అక్టోబర్ 5 నుంచి నవంబర్ 25 దాకా 52 రోజులు దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మె చేశారు. సమ్మె తర్వాత చార్జీలు పెంచారు, నగరంలో వందల బస్సులు తగ్గించారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది మంచి పని. మన అక్కలు, చెల్లెళ్లు పనికీ చదువుకూ కదలగలిగారు. కానీ నగరం చివరి కాలనీకి వచ్చే ట్రిప్పులు పెంచకుండా టికెట్ తీసేస్తే, ఆ పథకం బస్సు ఉన్నచోటే పనిచేస్తుంది. కారున్నవాడి ప్రయాణం పది నిమిషాలు తగ్గించడానికి వంతెన కడతాం. ఊడ్చే తల్లికి తెల్లారుజామున ఒక బస్సు వేయం. బస్సు తగ్గినచోట మనం మళ్లీ సొంతదారుడి బండి దగ్గరికే పోతున్నాం. అంబేద్కర్‌కు రెట్టింపు కిరాయి చెప్పిన బండివాడిది కులపు మాట. మా కాలనీ ఆటో అన్నది అతనిలాంటివాడు కాదు, అతనూ మనలాంటి పేదవాడే. కానీ కిరాయి కట్టలేనివాళ్లు ఎవరని చూస్తే, జాబితాలో మళ్లీ మన పేర్లే వస్తాయి.

రోడ్డు కింద కూడా ఒక చరిత్ర ఉంది. పైన తారు, కింద మ్యాన్‌హోల్. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మురుగు కాల్వలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది, దిగే కులం మారలేదు.

హక్కు విషయానికొస్తే, రాజ్యాంగం 15(2) అధికరణ చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లు అనే మాట అక్కడ ఉంది. ప్రజల సొమ్ముతో నడిచే రోడ్డు వాడుకోవడంలో కులం పేరిట అడ్డు ఉండకూడదు. అయినా 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు, దళితుడు సైకిల్ గానీ మోటార్‌సైకిల్ గానీ ఎక్కితే, చెప్పులేసుకుంటే, పెళ్లి ఊరేగింపు తీస్తే అడ్డుకోవడం నేరమని విడిగా రాయాల్సి వచ్చింది. అరవై అయిదేళ్ల తర్వాత కూడా పార్లమెంటుకు ఆ మాట రాసే అవసరం పడిందంటే మన రోడ్లు ఎవరివో అర్థమవుతుంది.

ఉద్యమంలో పనిచేసేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. 2013 నాటి ఉపప్రణాళిక చట్టంలో, ఇది ఎస్సీలకు, ఇది ఇతరులకు అని విడదీయలేని మౌలిక వసతుల ఖర్చులో కొంత వాటాను ఎస్సీ, ఎస్టీల కోసం పెట్టినట్టు లెక్క చూపే వీలుండేది. దాని తర్కం ఏమిటి? రోడ్డు అందరిదీ, మీరూ నడుస్తారు కనుక ఖర్చులో మీ వాటా ఇంత అని. సరే, ఒప్పుకుందాం. అయితే ఖర్చు లెక్కలో ఉన్న మనం బస్సు టైంటేబుల్లో ఎందుకు లేం? ఇది అడగాల్సిన ప్రశ్న. సమాచార హక్కు కింద డిపోలవారీగా అడగండి. మీ కాలనీకి అయిదేళ్ల కింద రోజుకు ఎన్ని ట్రిప్పులు, ఇప్పుడు ఎన్ని? మొదటి బస్సు ఎన్నింటికి, చివరిది ఎన్నింటికి? ఫ్లైఓవర్ పడ్డాక ఎన్ని స్టాపులు దాటిపోతున్నాయి? విద్యార్థులు ఒక వారం పాటు తమ స్టాపులో నిలబడి నోట్‌బుక్‌లో రాసుకున్నా చాలు, అధికారి ముందు పెట్టడానికి అదొక పత్రం.

నా తప్పు సంగతి చెప్పి ముగిస్తాను. ఇప్పుడు మొదటి గంట క్లాసులో అటెండెన్స్ చివర తీసుకుంటున్నాను. దాంతో ఆ అమ్మాయి సమస్య తీరలేదు, పాఠంలో సగం ఇప్పటికీ పోతోంది. పోయిన సెమిస్టర్ ఆబ్సెంట్లు రిజిస్టర్‌లో నా చేతిరాతలోనే ఉన్నాయి. ఆమె, ఇంకో ఆరుగురు పిల్లలు కలిసి తమ స్టాపులో బస్సుల లెక్క రాశారు. వచ్చే వారం ఆ కాగితం పట్టుకుని డిపోకు వెళ్తున్నాం. ఏమంటారో తర్వాతి భాగంలో రాస్తాను.

ఆ కాగితం పైన వాళ్లే ఒక శీర్షిక పెట్టుకున్నారు. మా తాత కథ క్లాసులో చెప్పినందుకు కాబోలు, "మేం కూసోవాలంటే ముందు బస్సు ఆగాలె" అని రాశారు.

జై భీమ్.