ఓపెన్ డైరెక్టరీలో వెబ్‌సైటు నమోదు

ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్టు లేదా డీమోజ్ అనునది 1998 నుండి 2017 వరకు నడచిన ఒక వెబ్ డైరెక్టరీ. అంతర్జాలంలోని వెబ్‌సైట్లను విషయాల వారీగా వర్గీకరించి, ఒక్కొక్క దానికి ఒకటి రెండు వాక్యాల పరిచయం జతచేసి చూపుట దీని పని. ఈ పనిని యంత్రాలు కాక స్వచ్ఛంద సంపాదకులు చేసేవారు. ఇందులో నమోదుకు రుసుము లేదు. అయినప్పటికీ, డబ్బు చెల్లించి చేరే డైరెక్టరీల కంటె ఇందులో చోటు పొందడమే కష్టమని వెబ్‌సైట్ల యజమానులు భావించేవారు. డైరెక్టరీ ఉన్నది చదువరి కొరకు అని సంపాదకులు నమ్మగా, నమోదు తమకు అందవలసిన సేవ అని యజమానులు తలచారు. దీని చరిత్రలోని వివాదాలలో చాలా భాగం ఈ భేదం నుండి పుట్టినవే.

నేపథ్యం

అంతర్జాలం తొలినాళ్ళలో సెర్చి ఇంజన్లు బలహీనంగా ఉండేవి. ఒక విషయంపై మంచి వెబ్‌సైటు ఎక్కడ ఉన్నదో తెలుసుకొనుటకు మనుషులు తయారుచేసిన జాబితాలే దిక్కు. వాటిలో ప్రసిద్ధి చెందినది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో 1994లో ప్రారంభించిన జాబితా. అదే తరువాత యాహూ డైరెక్టరీ అయినది. యాహూ జాబితాను జీతం తీసుకొనే సంపాదకులు తయారుచేసేవారు. వెబ్‌సైట్ల సంఖ్య పెరిగే వేగానికి ఆ కొద్దిమంది చాలలేదు. వచ్చిన సూచనలు నెలల తరబడి పేరుకుపోయేవి. 1999లో యాహూ వ్యాపార వెబ్‌సైట్ల సత్వర పరిశీలనకు 199 డాలర్ల రుసుమును ప్రవేశపెట్టింది. తరువాత అది ఏటా 299 డాలర్లు చెల్లించే పద్ధతిగా మారింది. ఆ సొమ్ము పరిశీలనకు మాత్రమే గాని, నమోదుకు హామీ కాదు.

ఈ కొరతను స్వచ్ఛంద సేవకులతో తీర్చవచ్చునని అమెరికాకు చెందిన రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయెల్ తలచి 1998 జూన్‌లో గ్నూహూ పేరుతో ఒక డైరెక్టరీని ప్రారంభించారు. (స్క్రెంటా 1982లో, పాఠశాల విద్యార్థిగా ఉండగా, యాపిల్ 2 కంప్యూటర్లలో వ్యాపించిన ఎల్క్ క్లోనర్ అనే తొలినాటి వైరస్‌ను వ్రాసిన వ్యక్తి కూడా.) గ్నూ అనే పేరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానిది. వ్యాపారసంస్థ నడిపే డైరెక్టరీకి ఆ పేరు తగదని అభ్యంతరం రావడంతో న్యూహూ అని మార్చారు. ఆ పేరుపై యాహూ అభ్యంతరం చెప్పింది. 1998 చివర నెట్‌స్కేప్ సంస్థ దీనిని కొనుగోలు చేసిన పిమ్మట ఓపెన్ డైరెక్టరీ అనే పేరు స్థిరపడింది. నెట్‌స్కేప్‌ను ఏఓఎల్ కొనడంతో యాజమాన్యం ఏఓఎల్‌కు సంక్రమించింది. డీమోజ్ అనునది డైరెక్టరీ, మొజిల్లా అనే మాటలున్న దాని తొలి చిరునామా నుండి వచ్చిన ముద్దుపేరు.

2000 ఏప్రిల్ నాటికి సుమారు 16 లక్షల వెబ్‌సైట్లతో ఇది యాహూ డైరెక్టరీని మించిపోయింది. 2003 డిసెంబరులో ఆ సంఖ్య 40 లక్షలకు చేరినది.

నమోదుకు ఎందుకంత ఆరాటం

డీమోజ్‌ను నేరుగా తెరచి చదివేవారి వలన వెబ్‌సైటుకు వచ్చే సందర్శకులు స్వల్పం. అసలు ప్రయోజనం వేరొకటి. డైరెక్టరీ సమాచారాన్ని ఎవరైనను, మూలాన్ని పేర్కొను షరతుపై, ఉచితంగా వాడుకొనవచ్చును. ఏఓఎల్, లైకోస్, హాట్‌బాట్ వంటి సంస్థలు దానిని తమ పేజీలలో చూపేవి. 2000లో గూగుల్ అదే సమాచారంతో గూగుల్ డైరెక్టరీని ప్రారంభించింది. అంటే ఒక్కచోట నమోదైన వెబ్‌సైటుకు అనేక చోట్ల నుండి లంకెలు ఏర్పడేవి. ఒక పేజీకి ఇతర పేజీల నుండి వచ్చే లంకెలను బట్టి దాని స్థానాన్ని నిర్ణయించే పద్ధతి గూగుల్‌ది. కావున డీమోజ్‌లో ఉన్న వెబ్‌సైటు శోధన ఫలితాలలో పైకి వస్తుందని నమ్మకం బలపడింది. ఈ నమ్మకమే సూచనల వరదకు కారణమైనది.

వర్గము ఎంపిక

నమోదు ప్రయత్నంలో ఫలితాన్ని నిర్ణయించే దశ ఇదే. కళలు, వ్యాపారం, కంప్యూటర్లు, ఆరోగ్యం, విజ్ఞానశాస్త్రం, సమాజం, క్రీడలు మొదలగునవి పై అంచెలోని వర్గాలు. వాటి క్రింద ఉపవర్గాలు, వాటికి మరల ఉపవర్గాలు ఉండేవి. ఇవి కాక ప్రదేశాలను బట్టి ఏర్పరచిన ప్రాంతీయ వర్గం, ఆంగ్లేతర భాషల కొరకు ప్రపంచం అనే వర్గం కలవు. సూచన పంపదలచినవారు ముందుగా తమ వెబ్‌సైటుకు సరిపడు అతి నిర్దిష్టమైన ఉపవర్గాన్ని వెదకి, ఆ పేజీ పైన ఉన్న సూచన లంకెను నొక్కవలెను.

గ్రంథాలయంలో ఒక పుస్తకం ఏ బీరువాలో ఉండవలెనో నిర్ణయించుట వంటిదే ఈ పని. ఒక ఉదాహరణ తీసుకొనవచ్చును. కూచిపూడి నాట్య చరిత్రను, సంప్రదాయాన్ని ఆంగ్లంలో వివరించే వెబ్‌సైటు కళలలోని నృత్య విభాగానికి చెందుతుంది. విజయవాడలో కూచిపూడి నేర్పే ఒక శిక్షణాలయం తన తరగతుల వేళలు, చిరునామా తెలుపుటకు ఆంగ్లంలోనే వెబ్‌సైటు పెట్టుకొన్నచో, దాని చోటు ప్రాంతీయ వర్గంలో ఆసియా, భారతదేశం, ఆంధ్రప్రదేశ్ క్రింద. అదే నాట్యం గురించి తెలుగులో వ్రాసిన వెబ్‌సైటు ప్రపంచ వర్గంలోని తెలుగు విభాగానికి వెళ్ళవలెను. మూడింటి విషయం ఒక్కటే అయినను చదువరులు వేరు.

చాలామంది ఈ శ్రమ పడక, ఎక్కువమంది చూస్తారనే ఆశతో పై అంచె వర్గాలకే సూచనలు పంపేవారు. అట్టి సూచనను సంపాదకుడు తిరస్కరించకపోయినను, తగిన వర్గపు వరుసలోకి నెట్టేవాడు. అక్కడ మరొక సంపాదకుని కొరకు మరల వేచియుండవలసి వచ్చేది.

శీర్షిక, వివరణ

సూచన పత్రంలో పూరించవలసినవి వెబ్‌సైటు చిరునామా, శీర్షిక, వివరణ, పంపినవారి ఈమెయిలు. శీర్షికగా వెబ్‌సైటు లేదా సంస్థ అసలు పేరునే వ్రాయవలెను. వర్గాలలో వెబ్‌సైట్లు అక్షరక్రమంలో కనిపించేవి గనుక, పై వరుసలోకి వచ్చుటకు పేరుకు ముందు ఆంగ్ల 'ఏ' అక్షరాలను తగిలించే తెలివితేటలకు ఈ నియమం అడ్డుకట్ట వేసేది.

వివరణ 25, 30 మాటలలో ముగియవలెను. వెబ్‌సైటులో ఏమున్నదో చెప్పవలెనే గాని, అది ఎంత గొప్పదో చెప్పరాదు. పై శిక్షణాలయం వారు "ప్రపంచంలోనే అత్యుత్తమ నాట్య శిక్షణ, నేడే చేరండి" అని పంపితే సంపాదకుడు దానిని మొత్తం తిరిగి వ్రాయవలసి వచ్చేది. "కూచిపూడి నాట్య శిక్షణాలయం. పాఠ్యక్రమం, ప్రవేశ వివరాలు, ప్రదర్శనల ఛాయాచిత్రాలు ఉన్నవి" అని పంపితే ఉన్నదున్నట్లు స్వీకరించుటకు వీలు కలిగేది. ఓపిక తక్కువగా ఉన్న సంపాదకుడు వందలాది సూచనల నుండి ముందుగా రెండవ రకాన్నే అందుకొనుటలో ఆశ్చర్యం లేదు.

ఒక వెబ్‌సైటుకు ఒకే సూచన, అదియు దాని మొదటి పేజీకి మాత్రమే పంపవలెనని నియమం. జాప్యమైనదని మరల మరల పంపిన యెడల లాభం లేకపోగా, క్రొత్త సూచన పాతదాని స్థానంలో చేరి తేదీ వెనుకకు పోయే అవకాశం ఉండేది.

పరిశీలన, తిరస్కరణ

సంపాదకుడు ప్రతి వెబ్‌సైటును తెరచి చూచి నిర్ణయం తీసుకొనేవాడు. ఇతరుల వ్యాసాలను నకలు చేసినవి, ఒకే సమాచారాన్ని వేరువేరు చిరునామాలతో చూపేవి, నిర్మాణంలో ఉన్నవి, అన్యుల సరుకులకు లంకెలు తప్ప సొంత విషయం ఏమీ లేనివి తిరస్కరింపబడేవి. వెబ్‌సైటు అందచందాలు పరిగణనకు రావు. సాదాసీదా పేజీలలో ఒక ఊరి చరిత్రను సొంతంగా వ్రాసినవారికి చోటు దొరికి, ఖరీదైన హంగులున్న అమ్మకపు పేజీకి దొరకకపోవచ్చును. అంగీకరించినదీ తిరస్కరించినదీ తెలిపే ఆనవాయితీ లేదు. నమోదైన తరువాత కూడ పని ముగియదు. రోబోజిల్లా అనే ప్రోగ్రాము లంకెలను తనిఖీ చేసి, పనిచేయని వాటిని సంపాదకుల దృష్టికి తెచ్చేది.

సంపాదకులుగా చేరదలచినవారు ఒక చిన్న వర్గాన్ని ఎంచుకొని, అందులో చేర్చదగిన రెండు మూడు వెబ్‌సైట్లకు శీర్షికలు, వివరణలు వ్రాసి దరఖాస్తు చేయవలెను. తమకు సంబంధమున్న వెబ్‌సైట్లను ముందే వెల్లడించవలెను. వికీలలో ఎవరైనను ఏ పేజీనైనను మార్చవచ్చును. ఇచట మాత్రం సంపాదకుని అధికారం తనకు అప్పగించిన వర్గానికి, దాని ఉపవర్గాలకే పరిమితం. అనుభవజ్ఞులకు మాత్రమే విస్తృత అధికారాలు దక్కేవి.

జాప్యము, ఆరోపణలు

కొన్ని సూచనలు వారంలోపే నమోదయ్యేవి. కొన్ని సంవత్సరాలు గడచినను అలాగే ఉండేవి. సూచనలను వచ్చిన వరుసలోనే చూడవలెనని సంపాదకులకు నిర్బంధం లేదు. పైగా సూచన అనేది వెబ్‌సైట్లను కనుగొను మార్గాలలో ఒకటి మాత్రమేనని, తాము స్వయంగా వెదకి కూడ చేర్చవచ్చునని వారి వాదన. వేతనం లేని పనికి గడువు పెట్టరాదన్న ఈ వాదనలో న్యాయమున్నది. అయితే సూచన పత్రాన్ని బహిరంగంగా ఉంచి, సమాధానం ఎన్నటికీ పంపకపోవుట వలన అపనమ్మకం పెరిగింది. సంపాదకులు తమ పోటీదారుల వెబ్‌సైట్లను తొక్కిపట్టుచున్నారని, కొందరు లంచాలు పుచ్చుకొనుచున్నారని ఆరోపణలు వచ్చినవి. స్వలాభానికి అధికారాన్ని వాడుట నియమావళి ప్రకారం నిషిద్ధం. ఫిర్యాదులపై విచారణ జరిపి సంపాదకులను తొలగించే ఏర్పాటు కూడ కలదు. కాని ఆ విచారణలు బయటివారికి కనబడేవి కావు.

2006 అక్టోబరులో సర్వరు దెబ్బతిని, నకలు ప్రతులు కూడ సరిగా లేకపోవుటచే డిసెంబరు వరకు సంపాదక పని నిలచిపోయింది. అప్పటికే వేచియున్నవారికి ఇది మరొక దెబ్బ.

తెలుగు వెబ్‌సైట్లు

తెలుగు విభాగం ఆంగ్లం, జర్మన్ వంటి భాషల విభాగాలతో పోల్చదగినంతగా ఎదగలేదు. 2000 ప్రాంతంలో పలు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్ కాక సొంత ఖతులను వాడేవి. ఆ ఖతి లేని కంప్యూటరులో పేజీ తెరిస్తే అర్థం లేని గుర్తులే కనిపించేవి. పేజీని చదవలేని సంపాదకుడు దానికి వివరణ వ్రాయలేడు. యూనికోడ్ వ్యాపించి తెలుగు బ్లాగులు వెల్లువెత్తిన 2006 తరువాతి కాలానికి, పాఠకులను చేరుటకు డైరెక్టరీ అవసరం తగ్గిపోయింది. కూడలి వంటి సంకలినులు క్రొత్త టపాలను యాంత్రికంగా సేకరించి వెంటనే చూపేవి. వాటిలో విషయ వర్గీకరణ లేకున్నను నిరీక్షణ లేదు.

మూసివేత

గూగుల్ డైరెక్టరీ 2011లోను, యాహూ డైరెక్టరీ 2014 చివరిలోను మూతపడినవి. డీమోజ్‌ను ఏఓఎల్ 2017 మార్చి 17న మూసివేసింది. ఆనాటికి అందులో సుమారు 38 లక్షల వెబ్‌సైట్లు, 90 భాషలలో 10 లక్షలకు పైగా వర్గాలు ఉన్నవి. సంపాదకుల సంఖ్యను 91 వేలకు పైగా చూపేవారు గాని, అది మొదటి నుండి చేరిన వారందరి లెక్క. శోధన ఫలితాలలో వెబ్‌సైటు వివరణకు బదులు డీమోజ్ వివరణ చూపరాదని కోరుటకు యజమానులు వాడే గుర్తును కూడ గూగుల్ అదే సంవత్సరం అవసరం లేనిదిగా ప్రకటించింది.

పూర్వ సంపాదకులు కొందరు ఆ వర్గీకరణను, సమాచారాన్ని కాపాడి, కర్లీ అనే పేరుతో 2018లో డైరెక్టరీని మరల అందుబాటులోకి తెచ్చారు. ఆందులోను నమోదు ఉచితమే. తగిన వర్గాన్ని వెదకి సూచన పంపు పాత పద్ధతినే కొనసాగించారు.