ప్రదర్శనములలో కత్తులు – పేరు లేని కమ్మరులు

ప్రదర్శనశాలలో కత్తిని చూచి నిలువనివాడరుదు. బంగారమును చూచిన కన్ను చెదరును. కత్తిని చూచిన చేయి చాపవలెననిపించును. హైదరాబాదున నాంపల్లి మైదానమున జరుగు నుమాయిషులో కత్తులు, కత్తెరలు పరచిన బల్లయొద్ద మేమీ సంగతిని పలుమారులు గమనించితిమి. గృహిణి కూరకత్తిని, రైతు కొడవలిని చేతబట్టి, బొటనవ్రేలితో పదును చూచి, పిడి కదలించి చూచి, వెల యడుగుదురు. ఏ కంపెనీది యని యడుగువారును కలరు. ఎవరు చేసిరని యడిగినవారిని మాత్రము మేము చూడలేదు. ఆ ప్రశ్నను మన కులసోదరుల యెదుట నుంచుటకే యీ చిన్న వ్యాసమును వ్రాయ సాహసించితిమి.

లోహకర్మము విశ్వకర్మ సంతతిలో మనుబ్రహ్మ శాఖవారి వృత్తియని మన పెద్దలు చెప్పుదురు. పురాణమునట్లుంచి చరిత్రను చూతము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలయు, కృష్ణకావలనున్న వనపర్తియు నిజాము రాజ్యమున పేరెన్నికగన్న సంస్థానములు. 19వ శతాబ్దపు ఆంగ్లేయ గ్రంథకర్తలు ఆ రాజ్యమున ఆయుధములు తయారగు తావులనెన్నుచు, హైదరాబాదుతోపాటు గద్వాల వనపర్తులను పేర్కొనిరి. మనకిది సామాన్యమైన గౌరవము కాదు. అయినను ఊరి పేరు నిలిచినది. చేసినవాని పేరు నిలువలేదు.

గద్వాలకు విద్వద్గద్వాల యని ప్రసిద్ధి. ఆ యాస్థానమున సత్కారమందిన పండితుల పేర్లు వారి గ్రంథములవలన నేటికిని తెలియుచున్నవి. అదే కోటనీడను కత్తి సాగగొట్టినవాని పేరు ఏ గ్రంథమునను లేదు. పండితుని కృతికి ప్రతులు పుట్టును. కమ్మరి కృతి పనిలోనే యరుగును. విరిగినచో మరల కొలిమిలోబడి నాగటి కర్రగును. మన చరిత్ర దొరకకపోవుటకిది యొక కారణము.

ఇట్టిదే యింకొక నిదర్శనము గద్వాలకు మిగుల ఉత్తరమున, నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కలదు. అచ్చట కమ్మరులు ఇనుపముక్కలను మట్టిమూసలలోనుంచి, మూతలు మట్టితో బిగించి, ఒక రాత్రియు నొక పగలును తిత్తులూది కరగించి ఉక్కుముద్దలు తీసెడివారు. ఉక్కు అను మన మాటయే పాశ్చాత్యుల నోట వూట్జు అయినదని పండితులు తలచుచున్నారు. డమాస్కసు కత్తులని లోకము కొనియాడిన ఖడ్గములు ఇట్టి ఉక్కుతోనే చేయబడెడివి. వాయిసీ అను ఆంగ్లేయుడు కోనసముద్రపు పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. ఇస్పహానునుండి వచ్చి అచ్చట ఉక్కు కొనుచుండిన హాజీ హుస్సేనను వర్తకుని పేరు అందున్నది. ఆ ఉక్కును తీసి ప్రసిద్ధులైన కమ్మరులు నేడు మనకు పేరులేనివారుగనే మిగిలిరి.

ఆ ఉక్కు సీమకును చేరినది. 1794లో బొంబాయినుండి స్కాటు అను వైద్యుడు కొన్ని ముద్దలను లండనునకు పంపగా, 1795లో పియర్సను వాని గుణములను రాయల్ సొసైటీలో వివరించెను. లండనులో కత్తులు చేసి యమ్ము స్టోడార్టు అనునతడు, ఐరోపా ఉక్కులన్నిటికంటె నీ హిందూదేశపు ఉక్కే మేలని తన యంగడి చీటిపై అచ్చు వేయించుకొనెను. అతనితో కలిసి ఈ ఉక్కును పరిశోధించినవాడు మైకేల్ ఫారడే. విద్యుచ్ఛాస్త్రమునకు ప్రాణము పోసిన ఆ మహాశాస్త్రజ్ఞుని తండ్రియు కమ్మరియే యని విన్న మనవారి మనస్సు పొంగక మానదు. ఇటీవల 2006లో జర్మనీ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు డమాస్కసు కత్తిముక్కను పరీక్షించి, అందు వెండ్రుకకంటె వేల రెట్లు సన్నని కర్బనపు గొట్టములు కలవని ప్రకటించిరి.

ఇంతటి విద్య యేల నశించినది? 1856లో బెస్సెమరు కనిపెట్టిన పద్ధతిచే అరగంటలోనే టన్నులకొలది ఉక్కు తయారగుచుండగా, రేయింబవళ్లు కాచి తీసిన చిన్నముద్ద వెలలో నిలువలేకపోయెను. తుపాకికి ముందు ఖడ్గము వెనుకబడెను. వీనికి తోడు మన లోపమొకటి కలదు, దానిని దాచరాదు. పాళ్లును, కాకయు, నీరు పట్టించు సమయమును మనవారు కంటితోను చెవితోను నేర్చి నోటితో నేర్పిరి గాని వ్రాయలేదు. కొలిమి చల్లారిననాడు విద్యయు చల్లారెను. మూసముక్కలను, చిట్టెమును ఏరి పరీక్షించి, ఆనాటి పనితీరును నేటి శాస్త్రజ్ఞులు ఊహింపవలసి వచ్చినది.

రాజుల కత్తులు హైదరాబాదున సాలార్జంగు ప్రదర్శనశాలలో అద్దాల వెనుక భద్రముగనున్నవి. కొడవలి, గొడ్డలి, బాడిస, ఉలి, మంగలికత్తి అను వానికట్టి యద్దములు లేవు. రాజ్యములు ఖడ్గముచే గెలువబడెనేమోగాని, ఆ రాజ్యములకు అన్నము పెట్టినది కొడవలియే. దాని వంపును పైరుకు తగినట్లు, పిడిని కోయువాని చేతికి తగినట్లు చేయుట సామాన్యవిద్య కాదు.

కావున మహాసభవారికి మా విన్నపములు మూడు. ఒకటి: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు కొలిమి పని తెలిసిన వృద్ధుల పేర్లను, వారి పరికరములను, పని మెలకువలను యువకులు వారి నోటనే విని వ్రాసియుంచవలెను. రెండు: మహాసభ జరుగు ప్రతిచోటను మన పనిముట్లకొక బల్ల వేయింపవలెను, ప్రతి పనిముట్టు ప్రక్కను ఊరితోపాటు చేసినవాని పేరును వ్రాయవలెను. మూడు: నేటికిని కొలిమి నడుపువారు తమ ముద్రను కత్తి యలుగుపై వేయవలెను.

ఈ పనికి పోషకుల సాయము కొంత కావలెను. మన శ్రద్ధ హెచ్చుగా కావలెను. ముందొక ప్రదర్శనమున మన కొడవలిని చేతబట్టి ఎవరు చేసిరని ఒక్కడడిగినను, అతనికి చెప్పుటకొక పేరుండవలెను.