డిస్‌గ్రాఫియా: రాతలో ఇబ్బంది పడే పిల్లలకు తోడ్పాటు

తెలివికీ చదువుకీ తగ్గట్టుగా రాత సాగకపోవడాన్ని డిస్‌గ్రాఫియా అంటారు. పాఠాన్ని నోటితో గడగడా అప్పజెప్పే పిల్లవాడు అదే జవాబును నోటుపుస్తకంలో రెండు వాక్యాలకు మించి రాయలేకపోవచ్చు. అక్షరాలు గీత దాటుతాయి, పదాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కొద్దిసేపటికే చెయ్యి నొప్పి పుడుతుంది. చిక్కు వేళ్ల కదలికలో ఉండవచ్చు, అక్షరరూపం గుర్తుకు రావడంలో ఉండవచ్చు, ఆలోచనను వాక్యంగా కూర్చడంలోనూ ఉండవచ్చు. ఇది బద్ధకం కాదు. తప్పిన పదాన్ని వందసార్లు రాయించడం వల్ల రాతంటే భయం పెరుగుతుందే తప్ప చిక్కు విడదు.

తెలుగు లిపిలో ఈ పిల్లలకు మరికొన్ని కష్టాలు ఎదురవుతాయి. ‘మ, య’, ‘ప, ష, స’ వంటివి చూపుకు దగ్గరగా ఉంటాయి. ‘స్త్రీ’ అనే మాటలో చివర పలికే ఈకారం రాతలో ‘స’ తల మీదికి ఎక్కుతుంది, మధ్య హల్లులు వత్తులై కిందికి దిగుతాయి. పలికే వరుస ఒకటి, రాసే వరుస మరొకటి. అందుకే గుణింతం కుదిరాక ఒక్కొక్క వత్తునే నేర్పడం మేలు.

అక్షరం దిద్దడం, ఆలోచన రాయడం రెండు వేర్వేరు పనులు. రెంటినీ ఒకేసారి అడగకపోవడమే తోడ్పాటులో కీలకం. దిద్దుబాటుకు రోజూ పది నిమిషాలు చాలు: ఇసుకలో వేలితో, పలక మీద బలపంతో, ఆ తర్వాత వెడల్పు గీతల పుస్తకంలో. పలక మీద తప్పు చెరిగిపోతుంది కాబట్టి బెదురు ఉండదు. పెన్సిల్ పట్టు కుదరకపోతే ఆక్యుపేషనల్ థెరపిస్టు సాయం అవసరం. వ్యాసం రాయాల్సినప్పుడు పిల్లవాడు ముందు నోటితో చెప్పాలి, పెద్దవాళ్లు ముఖ్యమైన మాటలు రాసిపెట్టాలి, వాటిని చూస్తూ అతడు వాక్యాలు కట్టాలి. సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో మౌఖిక జవాబునూ లెక్కలోకి తీసుకోవడం, బోర్డు మీది నోట్సును అచ్చుకాగితంగా ఇవ్వడం బడి చేయగల పనులు. పై తరగతుల్లో టైపింగ్, మాటను రాతగా మార్చే ఫోన్ సదుపాయం అక్కరకొస్తాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్లో డిస్‌గ్రాఫియాను పేర్కొంది. ధ్రువపత్రం ఉన్న విద్యార్థులకు సీబీఎస్ఈ పరీక్షల్లో లేఖకుడి సాయం, మూడు గంటల పరీక్షకు అదనంగా ఒక గంట దొరుకుతాయి. అయితే చెప్పి రాయించడం కూడా ఒక నేర్పే. వాక్యం ఎక్కడ ఆపాలో, ఏ మాటకు వర్ణక్రమం చెప్పాలో పిల్లవాడికి ముందుగా అలవాటు కావాలి. ఆ సాధన పరీక్షలకు చాలా నెలల ముందే తరగతి గదిలో మొదలవ్వాలి.