మూత్రపిండాలు, హార్మోన్లు, ద్రవ సమతుల్యత

శరీరంలో నీరు, ఉప్పు హద్దు మీరకుండా మూత్రపిండాలను అదుపు చేసే హార్మోన్ల వ్యవస్థ ఇది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, దాదాపు 99 శాతాన్ని తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఎంత ఉంచుకోవాలో, ఎంత వదిలేయాలో మెదడు, అడ్రినల్ గ్రంథులు, గుండె, మూత్రపిండాలు కలిసి నిర్ణయిస్తాయి. ఈ సంగతి తేలడానికి ఒక శతాబ్దం దాకా పట్టింది.

చరిత్ర

1898లో స్వీడన్‌లో రాబర్ట్ టైగర్‌స్టెడ్, పెర్ బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండాల సారాన్ని ఎక్కించినప్పుడు రక్తపోటు పెరిగింది. అందులోని పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనిని బిగించి రక్తపోటు పెంచి చూపే దాకా దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెనిన్ చర్యతో పుట్టేది యాంజియోటెన్సిన్ అని ఆ తర్వాత తేలింది.

1913లో ఇటలీ, జర్మనీ వైద్యులు పిట్యూటరీ గ్రంథి సారంతో అతిమూత్ర వ్యాధిని తగ్గించారు. ఆ సారంలోని వాసోప్రెసిన్ హార్మోన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో నోబెల్ బహుమతి దక్కింది. 1953లో సింప్సన్, టేట్‌ల బృందం అడ్రినల్ గ్రంథుల హార్మోన్ అల్డోస్టెరోన్‌ను వేరుచేసింది. గుండె కూడా హార్మోన్‌ను విడుదల చేస్తుందనడానికి 1981లో డి బోల్డ్ ఆధారం చూపాడు.

తెలుగు శాస్త్రవేత్త పాత్ర

అల్డోస్టెరోన్ ప్రభావంతో మూత్రపిండ కణాలు సోడియాన్ని రక్తంలోకి తోస్తాయి. ఆ పని చేసే సోడియం పంపును 1957లో జెన్స్ స్కౌ గుర్తించాడు. పంపుకు శక్తినిచ్చేది ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుగొన్నాడు. మూత్రపిండాల కథలో సుబ్బారావు పేరు తప్పక చెప్పుకోవాలి.

పనిచేసే తీరు

మే నెల ఎండలో పొలం పని చేసేవారికి చెమట పోయేకొద్దీ రక్తం చిక్కబడుతుంది. మెదడులోని హైపోథాలమస్ దాన్ని పసిగట్టి దాహం పుట్టిస్తుంది, పిట్యూటరీ ద్వారా వాసోప్రెసిన్‌ను వదులుతుంది. ఆ సంకేతంతో మూత్రనాళికల గోడల్లో ఆక్వాపోరిన్ ద్వారాలు పెరిగి నీరు వెనక్కి వస్తుంది. మూత్రం తగ్గి చిక్కటి పసుపు రంగుకు మారుతుంది. రక్త పరిమాణం కూడా తగ్గితే రెనిన్, యాంజియోటెన్సిన్, అల్డోస్టెరోన్ వరుసగా రంగంలోకి దిగి సోడియాన్ని నిలుపుతాయి. ద్రవం ఎక్కువైతే గుండె విడుదల చేసే హార్మోన్ సోడియాన్ని, నీటిని బయటికి పంపిస్తుంది.

వైద్య ప్రాముఖ్యం

బీపీకి వాడే ఎన్నో మందులు రెనిన్, యాంజియోటెన్సిన్, అల్డోస్టెరోన్ గొలుసునే అడ్డుకుంటాయి. అందుకే వాటిని వాడేవారికి వడదెబ్బ తగిలినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా మూత్రపిండాలు త్వరగా దెబ్బతినవచ్చు. అలాంటప్పుడు మందు కొనసాగించాలా, కొద్దిరోజులు ఆపాలా అన్నది వైద్యుణ్ని వెంటనే అడిగి తేల్చుకోవాలి.