ఎవరి జ్ఞాపకం, ఎవరి శాస్త్రం?

విల్‌హెల్మ్ వుంట్ 1879లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన ప్రయోగశాలను నెలకొల్పిన కాలంలో, ప్రయోగం చేసేవారికీ ప్రయోగంలో పాల్గొనేవారికీ మధ్య పెద్ద ఎడం లేదు. గురువూ శిష్యులూ వంతులవారీగా రెండు స్థానాల్లోనూ కూర్చునేవారు. తన అనుభవాన్ని తానే గమనించి కచ్చితంగా చెప్పగలగడం ఆనాడు సాధనతో అబ్బే విద్య. కాబట్టి పరీక్షకు కూర్చున్నవాడి గౌరవం పరీక్షించేవాడి గౌరవానికి ఏమాత్రం తీసిపోయేది కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సమానత్వం చెదిరిపోయింది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మనోవిజ్ఞానం విస్తరించేకొద్దీ, సులువుగా దొరికే డిగ్రీ విద్యార్థులే ప్రయోగాలకు ముడిసరుకయ్యారు. బయటివారు కావాలనుకున్నవారు పత్రికా ప్రకటనలను ఆశ్రయించారు. యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో ప్రారంభించిన విధేయతా ప్రయోగాలకు న్యూహేవెన్ పౌరులు అలాంటి ప్రకటన చూసే వచ్చారు. వారికి ముట్టినది నాలుగు డాలర్లు, దారి ఖర్చులకు మరో యాభై సెంట్లు. తాము ‘జ్ఞాపకశక్తి అధ్యయనం’లో పాల్గొంటున్నామనే వారు నమ్మారు. తెలియని మనిషికి విద్యుదాఘాతం ఇవ్వమంటే ఎంతదాకా ఇస్తారన్నదే అసలు పరీక్ష అని వారికి ముందుగా చెప్పలేదు.

స్వచ్ఛందంగా వచ్చేవారు సమాజానికి నిజమైన నమూనా అవుతారా అన్న ప్రశ్నను రాబర్ట్ రోజెంతాల్, రాల్ఫ్ రాస్నో 1975లో పుస్తకంగా వెలువరించారు. ముందుకు వచ్చేవారు సగటున ఎక్కువ చదువుకున్నవారని, సామాజికంగా మెరుగైన స్థితిలో ఉన్నవారని వారు చూపారు. 2010లో జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైనే, ఆరా నొరెంజయాన్ ఈ విమర్శను ప్రపంచస్థాయికి తీసుకువెళ్ళారు. ‘మానవ స్వభావం’ అన్న పేరుతో శాస్త్రం వర్ణించింది చాలావరకు పాశ్చాత్య, విద్యావంత, సంపన్న సమాజాల స్వభావాన్నేనన్నది వారి వాదన.

ఈ చరిత్రలో హైదరాబాదుకు ప్రత్యేకమైన చోటు ఉంది.

2007లో టొరంటో నగరంలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది చిత్తవైకల్య రోగుల వివరాలను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ లక్షణాలు సుమారు నాలుగేళ్ళు ఆలస్యంగా కనిపించాయి. అయితే అక్కడి ద్విభాషుల్లో అధికులు వలస వచ్చినవారు. మేలు చేసినది రెండో భాషా, లేక సముద్రాలు దాటి వచ్చి నిలదొక్కుకోగలిగిన వ్యక్తుల ఆరోగ్యమూ పట్టుదలా? టొరంటో నమూనాలో ఈ రెంటినీ విడదీయడం కష్టం.

హైదరాబాదులో ఆ ముడి విడిపోయింది. తెలుగు, ఉర్దూ, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన ఆ ఊళ్ళో ద్విభాషి కావడానికి ఎవరూ వలస పోనక్కరలేదు. ఇల్లు, వీధి, బజారు, కార్యాలయం చాలు. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలోని స్మృతి వైద్యశాలకు 2006 నుంచి 2012 వరకు వచ్చిన 648 మంది రోగుల వివరాలను సువర్ణ అల్లాడి, థామస్ బాక్, సహపరిశోధకులు విశ్లేషించి 2013లో ప్రచురించారు. వీరిలో 391 మంది ద్విభాషులు. వారిలో చిత్తవైకల్యం సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు, వృత్తి, లింగభేదం, పల్లె-పట్నం తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఆ అంతరం నిలిచింది. మూడో భాష వల్ల అదనపు లాభమేమీ కనిపించలేదు.

అన్నిటికంటె విలువైన ఫలితం మరొకటి. బడికి వెళ్ళనివారిలోనూ ఈ తేడా కనిపించింది. రెండు భాషలు వచ్చినవారు ఎక్కువ చదువుకున్నవారు కూడా అయి ఉంటారన్న అనుమానానికి, అక్షరం రాని ద్విభాషులు జవాబు చెప్పారు. పాశ్చాత్య ప్రయోగశాలల తలుపు ఎన్నడూ తట్టని మనుషులే ఇక్కడ నిర్ణాయక సాక్షులయ్యారు.

అయితే వారు స్వచ్ఛంద భాగస్వాములు కారు. మరుపుతో బాధపడుతూ, ఇంటివారి వెంట చికిత్స కోసం వచ్చినవారు. ఈ భేదం చిన్నది కాదు. ఆసుపత్రికి ఎవరు వస్తారు, ఎప్పుడు వస్తారు అన్నది కుటుంబం మీద, డబ్బు మీద, దూరం మీద ఆధారపడి ఉంటుంది. 2014లో లారా జహోడ్నీ బృందం ఉత్తర మన్‌హాటన్‌లో, అప్పటికి వ్యాధి లేని 1,067 మంది స్పానిష్ భాషీయ వలసదారులను గరిష్ఠంగా 23 ఏళ్ళు అనుసరించిన అధ్యయనాన్ని వెలువరించింది. అందులో ద్విభాషిత్వం చిత్తవైకల్యాన్ని ఆపినట్టు తేలలేదు. ఈ వివాదం తీరాలంటే, జబ్బు రాకముందే ముందుకు వచ్చి, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పరీక్షలకు కూర్చునే ఆరోగ్యవంతులు కావాలి.

అలాంటివారు తెలుగువారిలో ఎక్కడ దొరుకుతారు? ఖతార్‌లో, దోహా దక్షిణపు అంచున ఉన్న అబూ హమూర్ వంటి పేటను తీసుకోవచ్చు. భారతీయ పాఠశాలలు ఉన్న ఆ ప్రాంతంలో ఇంట్లో తెలుగు, పనిలో హిందీ, ఇంగ్లీషు, బజారులో కాస్త మలయాళం, కాస్త అరబ్బీ వాడుకునే జీవితం అరుదు కాదు. ఏ భాషను ఎక్కడ అణచిపెట్టాలో, ఎక్కడ బయటకు తీయాలో మెదడు రోజంతా తేల్చుకుంటూనే ఉంటుంది. పరిశోధకుల దృష్టిలో ఇది అమూల్యమైన సంపద. కాని, 2012లో పని మొదలుపెట్టిన ఖతార్ బయోబ్యాంక్ పౌరులతో పాటు పదిహేనేళ్ళు, ఆపైన అక్కడ నివసించినవారినే చేర్చుకునే నియమం పెట్టుకుంది. దీర్ఘకాలం అనుసరించవలసిన అధ్యయనానికి ఆ నియమం సహేతుకమే. అయినా ఉద్యోగంతో ముడిపడిన వీసా మీద నాలుగేళ్ళో ఆరేళ్ళో ఉండి తిరిగి వెళ్ళే మనిషి ఆ లెక్కలోకి రాడు. మరుపు మొదలయ్యే వయసుకు అతను కరీంనగర్‌లోనో కడపలోనో ఉంటాడు. అతని యౌవనం ఒక దేశపు రికార్డులోకీ, వార్ధక్యం మరో దేశపు రికార్డులోకీ సగం సగం ఎక్కుతాయి, లేదా రెంటిలోనూ ఎక్కవు.

చేర్చుకోవడం ఒక్కటే న్యాయం కాదు. 2009-10లో ఖమ్మం జిల్లాలో బాలికలపై సాగిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం ఈ విషయంలో తెలుగు నేల నేర్చుకున్న చేదు పాఠం. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకం చేసినది వసతి గృహాల వార్డెన్లని తరువాతి విచారణలో తేలింది. అది మనోవిజ్ఞాన పరిశోధన కాకపోయినా, అందులోని ప్రశ్న అన్నిటికీ వర్తిస్తుంది: కాదనే శక్తి లేనివారి ‘అవును’కు విలువెంత? యజమాని చేతిలో వీసా ఉన్న కార్మికుణ్ణి ఆ యజమాని ద్వారానే పరిశోధనకు పిలిస్తే, వార్డెన్ సంతకానికీ ఆ సమ్మతికీ దూరం ఎంతో ఉండదు.

1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి మొదలు భారత వైద్య పరిశోధన మండలి 2017లో సవరించిన మార్గదర్శకాల దాకా చెప్పేది ఒకటే: పాల్గొనేవారికి తమ భాషలో అన్నీ తెలియాలి, ఏ నష్టమూ లేకుండా ఎప్పుడైనా తప్పుకునే వీలుండాలి. ‘తమ భాషలో’ అన్న మాటను మండలి పరీక్షలకూ అన్వయించింది. తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో జ్ఞాపకాన్ని, ఆలోచనాశక్తిని కొలిచే సాధనాలను రూపొందింపజేసింది. ఇంగ్లీషు పరీక్షలో తడబడిన వృద్ధుడు తెలుగులో సరిగ్గా చెప్పగలిగితే, తేడా అతని మెదడులో లేదు, ప్రశ్నలో ఉంది. ఆ సాధనాల అంకెలకు అర్థం రావాలంటే, వాటి ముందు కూర్చునే ఆరోగ్యవంతులైన తెలుగువారు కావాలి. వారిని అడిగేవారు లైప్‌జిగ్‌లో వుంట్ శిష్యులకు దక్కిన మర్యాదతో అడగాలి.