కోదండం నుంచి ఫిర్యాదు పెట్టె దాకా

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరినీ ఒక లెక్క అడిగాడు: మీ జిల్లాలో బడులెన్ని, చదివేవారెందరు, ఏం చదువుతున్నారు? చాలామంది పట్టికలు నింపి పంపి చేతులు దులుపుకున్నారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టులో బడి లోపల ఏం జరుగుతుందో కూడా రాసి పంపాడు. ఆయనకు తెలుగు బాగా వచ్చు. తెలుగుకు వ్యాకరణం, నిఘంటువు కూర్చినవాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్లారి జిల్లాలోదే. ఆయన లెక్కకు వచ్చిన 533 బడుల్లో 226 తెలుగువి, 235 కన్నడవి. పొద్దున్నే బడికి మొట్టమొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా చుడతారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటీ పెరుగుతూ పోతుంది. చదువు ఎగ్గొట్టేవాడికి బెత్తం దెబ్బలు ఎలాగూ తప్పవు. అవి చాలకపోతే రెండు చేతులూ కట్టి కప్పీతో పైకప్పుకు వేలాడదీస్తారు, లేదా ఆపకుండా గుంజీలు తీయిస్తారు. గుంజీలు చాలా బాధపెట్టే శిక్షే అయినా ఒంటికి మంచిదేమో అని క్యాంప్‌బెల్ ఒక ముక్క చేర్చాడు. తీయవలసింది ఆయన కాదు కదా.

దూలానికి వేలాడదీసే ఆ శిక్షనే మనవాళ్లు కోదండం వేయడం అన్నారు. గోడకుర్చీ, తొడపాశం, ఒంటికాలి మీద నిలబెట్టడం, పారిపోయేవాడి కాలికి బొండకొయ్య తగిలించడం, ఇవన్నీ దాని తోబుట్టువులు. వీధిబడి కబుర్లు చెప్పుకునేటప్పుడు వీటిని నవ్వుతూ తలచుకోవడం మనకు అలవాటు. ఎగ్గొట్టినవాణ్ని నలుగురు పెద్దపిల్లలు కాళ్లూ చేతులూ పట్టుకుని మోసుకొచ్చే ఘట్టం ఎన్ని జ్ఞాపకాల్లో చదివామో. నవ్వు సంగతి ఎలా ఉన్నా, చరిత్రగా చూస్తే ఇక్కడ అడగవలసిన ప్రశ్న దెబ్బ ఎంత గట్టిగా పడిందని కాదు. పంతులుకూ పిల్లవాడికీ మధ్యకు మూడో మనిషి ఎప్పుడు, ఎలా రాగలిగాడన్నది. రెండు వందల ఏళ్లలో బెత్తాన్ని మొదట కొలిచాం, తర్వాత నిషేధించాం. బిడ్డ తనకు జరిగింది చెప్పుకోగల మనిషిని బడిలో నియమించడం మాత్రం నిన్నమొన్నటి మాట, అదీ సగంలోనే ఉంది. నేటి బడుల్లో పిల్లల రక్షణ మీద సిబ్బందికి ఇస్తున్న శిక్షణను ఈ వరుసలో పెట్టి చూస్తే తప్ప దాని అవసరం బోధపడదు.

వీధిబడి నాలుగు గోడల మధ్య లేదు. అరుగు మీదో, పందిరి కిందో, గుడి మండపంలోనో ఉండేది. దెబ్బ వీధికి కనిపించేది, ఏడుపు వీధికి వినిపించేది. అలాంటప్పుడు ఊరే మూడో మనిషి కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది. పంతులు తిండిగింజలు, నెలజీతం, దసరాకు పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగితే వచ్చే మామూలు, అన్నీ తల్లిదండ్రుల చేతి మీదుగా రావలసిందే. మరీ మితిమీరితే పిల్లవాణ్ని మానిపించే వీలు ఇంటివాళ్లకు ఉండేది. కానీ ఆ ఊరు చూసి ఊరుకోలేదు, మెచ్చుకుంది. కళ్లు రెండూ వదిలిపెట్టి ఎక్కడ కొట్టినా సరేనని అప్పగించిన తండ్రి దగ్గరకు ఏడుస్తూ వెళ్లిన పిల్లవాడికి ఇంకో రెండు తగిలేవి. దెబ్బకు దెయ్యం వదులుతుందన్నది బడికీ ఇంటికీ ఉమ్మడి సిద్ధాంతం. అరుగు తెరిచి ఉన్నా పిల్లవాడి గోడు వినే చెవి ఒక్కటీ లేదు. చూసేవారుంటే చాలు, భద్రత ఉన్నట్టే అనుకునే వారికి, తరగతి గదిలో కెమెరా పెట్టి నిశ్చింతగా కూర్చునే నేటి యాజమాన్యాలతో సహా, ఆ అరుగు మంచి సమాధానం.

ఇదంతా మన వెనుకబాటు అనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో ఈస్ట్‌బోర్న్ అనే ఊళ్లో 1860లో థామస్ హోప్లీ అనే బడిపంతులు పదిహేనేళ్ల విద్యార్థిని కొట్టి చంపాడు. గట్టిగా దండించడానికి అనుమతి కావాలని ముందే తండ్రికి ఉత్తరం రాశాడు, తండ్రి సరేనన్నాడు. హోప్లీకి నాలుగేళ్ల కఠిన శిక్ష పడింది. కానీ ఆ తీర్పులోనే, తండ్రికి ఉన్న దండించే హక్కు పంతులుకు సంక్రమిస్తుందనీ, దండన మితంగా, సబబుగా ఉంటే నేరం కాదనీ కోర్టు స్థిరపరిచింది. అదే ఏడాది మన దేశానికి వచ్చిన శిక్షాస్మృతిలో 89వ సెక్షను, పన్నెండేళ్లలోపు పిల్లల మేలు కోసం సంరక్షకుడుగానీ, అతని సమ్మతితో మరొకరుగానీ సద్భావంతో చేసిన పనికి రక్షణ ఇచ్చింది. దశాబ్దాల పాటు పంతుళ్ల తరఫు వకీళ్లు దాని వెనకే నిలబడ్డారు. ఆ సెక్షను ఇప్పటికీ చావలేదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 27వ సెక్షనుగా కొనసాగుతోంది. అరుగు మీద నోటిమాటగా ఉన్న ఒప్పందం అలా చట్టపుస్తకంలోకి ఎక్కింది.

సర్కారు బడులు వచ్చాక గోడలు లేచాయి, హాజరు పట్టీ వచ్చింది, దెబ్బకు లెక్క వచ్చింది. మద్రాసు విద్యా నియమావళి నుంచి తమిళనాడుకు వారసత్వంగా వచ్చిన 51వ నియమం దీనికి మంచి నమూనా. కావాలని అబద్ధమాడడం, బూతు, ధిక్కారం లాంటి వాటికి తప్ప బెత్తం వాడకూడదు. వాడినా అరచేతి మీద ఆరు దెబ్బలు మించకూడదు. అదీ ప్రధానోపాధ్యాయుడు స్వయంగానో, ఆయన ఎదుటో జరగాలి. 2003 దాకా ఆ నియమం పుస్తకంలోనే ఉంది. దాన్ని రాసినవారి ఉద్దేశం మంచిదే, చేతికొచ్చినట్టు కొట్టకుండా ఆపాలని. కానీ ఏడో దెబ్బ పడితే పిల్లవాడు ఎవరితో చెప్పాలన్నది అందులో లేదు. కొట్టే అధికారి, లెక్కపెట్టే అధికారి ఒక్కరే. పైగా పరీక్ష, టీసీ, సర్టిఫికెట్ వచ్చాక తల్లిదండ్రుల చేతిలో ఉన్న పాత పట్టు కూడా పోయింది. వీధిబడి నుంచి పిల్లవాణ్ని మానిపిస్తే నష్టం పంతులుది. హైస్కూలు నుంచి మానిపిస్తే నష్టం పిల్లవాడిది. తరతరాలుగా అరుగు ఎక్కనివ్వని కులాల పిల్లలు బడిలోకి అడుగుపెట్టిన కాలం కూడా ఇదే. పంతులును నిలదీసే ధైర్యం, తీరిక, హోదా లేని కూలిమనిషి కొడుకుకు ఆరుకూ అరవైకీ తేడా చెప్పేవారెవరు?

లోపలి నుంచి అభ్యంతరం చెప్పినవాళ్లు మనలో లేకపోలేదు. చలం స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేసి, ఆ అనుభవం ఉన్న కళ్లతోనే ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. కొట్టి లొంగదీయడం చదువు చెప్పడం కాదన్నాడు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా భావనగర్ బాలమందిరాన్ని దెబ్బ లేకుండానే నడిపి చూపించాడు. పిల్లల్ని కొట్టకూడదన్నది పడమటి నుంచి దిగుమతైన మోజు అనేవారికి ఇంగ్లండు చరిత్ర కూడా అక్కరకు రాదు. అక్కడి ప్రభుత్వ బడుల్లో బెత్తాన్ని తీసేసే చట్టం వచ్చింది 1986లో. అప్పటికి ఇద్దరూ రాయవలసింది రాసి దశాబ్దాలైంది. అయితే చలానికి పాఠకులు దొరికినంతగా ట్రైనింగు స్కూళ్లు దొరకలేదు. పాఠం ఎలా చెప్పాలో నేర్పిన ఉపాధ్యాయ శిక్షణ, బిడ్డ ఏడుస్తూ ఏదైనా చెబితే ఎలా వినాలో నేర్పలేదు.

చట్టం కదిలింది ఈ శతాబ్దం మొదట్లో. ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరులో అక్కడి పాఠశాల నియమాల్లోని దండనను కొట్టేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002 ఫిబ్రవరిలో జీవో 16తో, 1966 నాటి విద్యా నియమావళిలోని 122వ నియమాన్ని మార్చి అన్ని విద్యాసంస్థల్లోనూ శారీరక దండనను నిషేధించింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడి, రంగారెడ్డి జిల్లా ఊళ్లలో వేలమంది పిల్లల్ని పని నుంచి బడికి మళ్లించిన శాంతా సిన్హా దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడాదే కమిషన్ రాష్ట్రాలకు రాసిన సూచనల్లో ఒకటి నా దృష్టిలో నిషేధం కన్నా పెద్దది: ప్రతి బడిలో ఫిర్యాదు పెట్టె ఉండాలి, పేరు రాయకపోయినా పిల్లలు అందులో చీటీ వేయవచ్చు. పాతకాలపు అరుగుకూ దీనికీ ఉన్న దూరం చూడండి. మొదటిసారిగా పిల్లవాడి మాట పంతులును దాటి వెళ్లే దారి కాగితం మీదకు వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. మరి బెత్తం ఆగిందా? 2009-10 విద్యా సంవత్సరంలో ఇదే కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగితే, ఏ శిక్షా ఎరగమన్నవారు తొమ్మిదిమంది. పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, చీటీ ఎవరు చదువుతారో తెలియనప్పుడు అందులో చీటీ వేయకపోవడమే పిల్లల తెలివి.

బెత్తం సంగతి వేరు, లైంగిక వేధింపు సంగతి వేరు, రెండింటినీ ఒక గాటన కట్టకండి అని కొందరు ఉపాధ్యాయులు నొచ్చుకుంటారు. నేరాలుగా అవి వేరే, అందులో సందేహం లేదు. కోపంతో ఒకటి తగిలించిన మాస్టారినీ, పసిబిడ్డ మీద చేయి వేసిన దుర్మార్గుడినీ ఒకే బోనులో నిలబెట్టడం అన్యాయం. కానీ రెండింటినీ దాచిపెట్టే మౌనం ఒక్కటే. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. సగానికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు. చేసినవారిలో దాదాపు సగం తెలిసినవాళ్లో, నమ్మకస్తులో. ఎక్కువమంది ఎవరికీ చెప్పనేలేదు. పెద్దవాళ్లు చేసిందానికి ఎదురు చెప్పకూడదని, ఇంట్లో చెబితే ఇంకో రెండు పడతాయని నేర్చుకున్న బిడ్డ, ఆ పాఠాన్ని దెబ్బల వరకే పరిమితం చేసుకోదు. బెత్తం నేర్పిన అణకువే చెప్పవలసిన చోట నోరు నొక్కుతుంది.

2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం ఈ మౌనాన్ని పెద్దల వైపు నుంచి విరగ్గొట్టాలని చూసింది. పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరునెలల దాకా శిక్ష, సంస్థ అధిపతి తన కింద పనిచేసేవారి సంగతి దాస్తే ఏడాది దాకా. బడి పరువు పోతుందని లోలోపల సర్దేసే హెడ్మాస్టర్ల పాత పద్ధతి నేరమైంది. 2020 నియమాలు ఇంకో అడుగు వేసి, సంస్థలకు బాలల రక్షణ విధానం ఉండాలని, పిల్లలతో మెలిగే సిబ్బంది పూర్వాపరాలు పోలీసుల ద్వారా విచారించాలని, వారికి ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలని చెప్పాయి. సిబ్బంది అంటే పాఠం చెప్పేవారే కాదు. బస్సు డ్రైవరు, ఆయా, వాచ్‌మన్, పీఈటీ, హాస్టల్ వార్డెన్, వంటవాళ్లు అందరూ. 2022లో హైదరాబాద్‌ను కుదిపేసిన ఒక కేసులో శిక్షపడినవాడు ప్రిన్సిపాల్ కారు డ్రైవరు.

శిక్షణలో నిజంగా నేర్పవలసింది చట్టం సెక్షన్లు కాదు, ఒక అయిదు నిమిషాలు. బిడ్డ వచ్చి ఏదో చెప్పబోతుంది. టీచరు మొహంలో భయం, కోపం కనిపించకూడదు. నిజంగానేనా అని గుచ్చి అడగకూడదు, మాట అందించకూడదు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకూడదు. నువ్వు చెప్పడం మంచిదైంది, ఇందులో నీ తప్పు లేదు అనాలి. బిడ్డ వాడిన మాటలే, వాటికి నగిషీలు చెక్కకుండా, అప్పుడే రాసిపెట్టాలి. అదే కథ పదిమంది ముందు మళ్లీ చెప్పించకుండా, నేరమైతే పోలీసులకు, సాయం కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేరవేయాలి. చెప్పుకోవడానికి సులువు. నలభై మంది గోల చేస్తున్న గదిలో, వేధించినవాడు తన తోటి ఉద్యోగే అయినప్పుడు, సాధన లేకుండా ఎవరికీ చేతకాదు. రోజంతా పవర్‌పాయింట్ చూపించి సంతకాలు పెట్టించుకునే శిక్షణ ఇందుకు పనికిరాదు.

బెత్తం తీసేశాక పిల్లలు మాట వినడం లేదని, ఏ చిన్నమాటన్నా కేసు పెడతారని ఉపాధ్యాయులు అనడంలో కొంత బాధ ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. తరగతికి అరవైమందిని నింపి, సలహాకు కౌన్సెలర్‌ను ఇవ్వకుండా బెత్తం మాత్రం లాక్కోవడం సర్కారు చేసిన సులువైన పని. కానీ దెబ్బలు తిన్నాం కాబట్టే బాగుపడ్డాం అనేవారు, దెబ్బలకు భయపడి బడి మానేసి పశువుల వెంట పోయినవారి లెక్క ఎన్నడూ చెప్పరు. వాళ్లు ఆత్మకథలు రాయలేదు కాబట్టి మనకు వినిపించరు. ఇక తప్పుడు ఫిర్యాదుల సంగతి. పోక్సో 22వ సెక్షను కావాలని తప్పుడు ఫిర్యాదు చేసే పెద్దలకు శిక్ష వేస్తుంది, పిల్లలకు వేయదు. రాతపూర్వకమైన పద్ధతి, తేదీ వేసిన రికార్డు, ఒంటరిగా ఉన్న విద్యార్థితో తలుపు తెరిచే మాట్లాడాలన్న నియమం, ఇవి బిడ్డను ఎంత కాపాడతాయో నిర్దోషి అయిన మాస్టారినీ అంతే కాపాడతాయి.

ఈ లెక్కలన్నిటిలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది హాస్టళ్ల సంగతి. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులాల పద్ధతి పేదపిల్లలకు చేసిన మేలు చిన్నది కాదు. తర్వాత కస్తూర్బా విద్యాలయాలు, సంక్షేమ హాస్టళ్లు, ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలు వచ్చాయి. అక్కడ పిల్లవాడు రాత్రి ఇంటికి వెళ్లడు, ఫోను వార్డెన్ గదిలో ఉంటుంది, అమ్మానాన్నలు నెలకో రెండు నెలలకో వస్తారు. అరుగు మీది పిల్లవాడికి కనీసం పరుగెత్తడానికి వీధి ఉండేది. అందుకే బడికన్నా ముందు శిక్షణ అక్కడి వంటగదిలో, డార్మిటరీలో మొదలుకావాలి. ఫిర్యాదు పెట్టె తాళంచెవి ఆ సంస్థ బయటివాళ్ల దగ్గర, జిల్లా బాలల రక్షణ విభాగం దగ్గరో, శిశు సంక్షేమ కమిటీ దగ్గరో ఉండాలి. నెలకోసారి దాన్ని తెరిచి, ఏం దొరికింది, ఏం చేశారు అన్నది తల్లిదండ్రుల సమావేశంలో, పిల్లల పేర్లు బయటపడకుండా చదివి వినిపించాలి. ఆరు దెబ్బలకు నియమం రాయగలిగిన విద్యాశాఖలకు ఇది కష్టమైన నియమమేమీ కాదు.