పొడుగు కర్ర

పోయిన వేసవిలో మా అమ్మ ఆరు నెలల వీసా మీద వెంబ్లీ వచ్చింది. వచ్చిన నాలుగో రోజున నేను పైన గదిలో ఆఫీసు మీటింగులో ఉంటే, కిటికీలోంచి పెరట్లో ఒక దృశ్యం కనిపించింది. అమ్మ చీర కొంగు నడుముకు చుట్టి, వంటింట్లోని కూరగాయల కత్తి పట్టుకుని, టమాటా మడిలో గొంతుక్కూర్చుని కలుపు తీస్తోంది. రెండేళ్ళ క్రితమే డాక్టరు ఎక్స్‌రే చూపించి ఇక వంగొద్దని చెప్పిన నడుము అది.

మీటింగు మధ్యలో వదిలేసి కిందికి పరుగెత్తాను. "ఆగమ్మా, దీనికి వేరే సాధనం ఉంది" అంటూ షెడ్డులోంచి డచ్ హో తెచ్చి చేతికిచ్చాను. మీలో చాలామంది షెడ్డుల్లోనూ ఇది ఉండే ఉంటుంది. ఐదడుగుల కర్ర, దాని చివర పలచటి ఇనుప పలక. నిటారుగా నిలబడి ముందుకు నెడుతుంటే ఆ పలక నేలకి ఆనుకుని అర అంగుళం లోతున కలుపు కాడల్ని కోసేస్తుంది. ఆ ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని వదిలేసి పోయిన సామానుతో పాటు నాకు దక్కింది. అమ్మ ముందు అనుమానంగా చూసింది. తరవాత ఒక సాలు పూర్తి చేసింది. రెండో సాలు కూడా అయ్యాక కర్ర మీద గెడ్డం ఆనించి నిలబడి అడిగింది.

"ఇది నిలబడి చేసే పనంట్రా?"

"అవునమ్మా, ఇక్కడ అంతే."

"మరి ఈ పొడుగు కర్ర మాకెందుకు ఇయ్యలేదురా ఎవురూ?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఇంజనీరింగు చదువుకున్నవాణ్ణి. ఆ చదువు ఫీజులో సగం మా అమ్మ పల్నాడులో పత్తి చేలల్లో, మిరప చేలల్లో కలుపు కూలికి పోయి కట్టింది. మా ఎకరంన్నర మీద మిగిలింది వడ్డీలకే చాలేది కాదు. పొద్దున్నే సద్ది కట్టుకుని ముఠాతో వెళ్ళి, సాయంత్రం దాకా వంగి, చిన్న కొడవలితో కలుపు తీసి, పది పదిహేను రూపాయలు తెచ్చిన రోజులు నాకు గుర్తే. మధ్యలో నడుము ఎత్తితే మేస్త్రి అరిచేవాడట. ఆ ఇరవై ఏళ్ళలో ఒక పొడుగు కర్ర దొరికి ఉంటే? ప్రశ్న చిన్నదే కానీ నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ శీతాకాలం శనివారాలు వెంబ్లీ పార్కులో మెట్రోపాలిటన్ లైన్ ఎక్కి, కింగ్స్‌క్రాస్‌లో దిగి, బ్రిటిష్ లైబ్రరీలో కూర్చుని వెదికాను. నాకు దొరికింది మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

ముందు మన పెరడు సంగతి. మనం ఉంటున్న ఈ వరస ఇళ్ళు చాలావరకు 1920లలోనూ 1930లలోనూ కట్టినవి. మెట్రోపాలిటన్ రైల్వే కంపెనీ 1915 నుంచి తన లైను పక్కనున్న ఊళ్ళన్నిటినీ 'మెట్రోలాండ్' అని పేరు పెట్టి ప్రచారం చేసింది. 1924, 25 సంవత్సరాల్లో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన ఇక్కడే వెంబ్లీలో జరిగింది. దానిలో మన ఇండియాకీ ఒక పెద్ద భవనం కేటాయించారు. నగరంలో ఉద్యోగం, శివార్లలో ఇల్లు, ఇంటి వెనక తోట అనేది అప్పటి మధ్యతరగతి కల. అంటే ఆఫీసు నుంచి వచ్చిన మనిషి సాయంత్రం తన కోసం తను, తన తోటలో తనే కలుపు తీసుకుంటాడన్నమాట. అలాంటి మనిషి తన నడుము గురించి ఆలోచించకుండా ఉంటాడా? పొడుగు కర్ర అతని షెడ్డులో ఉండటంలో వింత లేదు.

మరి పొలం సంగతి? ఇంగ్లండులో కలుపు పనిముట్ల చరిత్ర చెప్పేవాళ్ళు జెత్రో టల్ పేరుతో మొదలుపెడతారు. ఈయన మనకి పడమరగా ఉన్న బెర్క్‌షైర్‌లో 1674లో పుట్టాడు. లా చదివి వ్యవసాయంలోకి దిగాడు. 1701 ప్రాంతంలో విత్తనాన్ని వరసల్లో వేసే యంత్రం తయారుచేశాడు. దానికి కారణం ఆయనే రాసుకున్నాడు: తను చెప్పినట్టు సాళ్ళలో విత్తనం వేయడానికి కూలీలు ఒప్పుకోలేదు, అందుకని వాళ్ళు లేకుండానే ఆ పని చేసే యంత్రం గురించి ఆలోచించాడు. తరవాత ఫ్రాన్సు దక్షిణాన ద్రాక్షతోటల్లో వరసల మధ్య దున్నడం చూసి వచ్చి, గుర్రం లాగే కలుపు పనిముట్టు గురించి 1731లో పుస్తకం అచ్చు వేయించాడు. కూలివాడి నడుము మీద జాలితో పుట్టిన యంత్రం కాదది, కూలివాడి మీద విసుగుతో పుట్టింది.

ఇక్కడ అసలు కిటుకు వరస. విత్తనాలు వెదజల్లితే పైరూ కలుపూ కలిసిపోయి మొలుస్తాయి. అప్పుడు ఏది పైరో ఏది కలుపో కంటితో చూసి, వేళ్ళతో విడదీయాలి. ఆ తెలివి మనిషికే ఉంది. వరసల్లో వేస్తే పనిముట్టుకి మొక్కని గుర్తుపట్టే అవసరమే లేదు. చోటు తెలిస్తే చాలు. సాలులో ఉన్నది పైరు, సాళ్ళ మధ్య ఉన్నది కలుపు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, కష్టమైన లెక్క చెయ్యకుండా డేటాని సరిగ్గా అమర్చి లెక్కనే తేలిక చేయడం.

ఇంతవరకు చదివి, పాపం మనవాళ్ళకి ఈ సంగతి తెలియదు కాబోలు అనుకున్నాను. అప్పుడు కనిపించింది హాల్‌కాట్ లేఖ. కెప్టెన్ థామస్ హాల్‌కాట్ అనే ఇంగ్లీషు సైనికాధికారి దక్షిణ భారతంలో పనిచేస్తూ రాసిన ఆ లేఖని లండన్‌లోని వ్యవసాయ బోర్డు 1797లో అచ్చు వేసింది. గాంధేయ చరిత్రకారుడు ధరంపాల్ 1971లో తెచ్చిన పుస్తకంలో దాన్ని మళ్ళీ ప్రచురించారు. విత్తే నాగలి ఐరోపా వాళ్ళు ఈమధ్య కనిపెట్టినదని తను అనుకునేవాడట. ఒకరోజు గుర్రం మీద పోతుంటే పొలంలో అది పనిచేస్తూ కనిపించిందిట. వాకబు చేస్తే అక్కడ తరతరాలుగా వాడుతున్నదేనని తెలిసింది. అంతేకాదు, పైరు కొంచెం ఎదిగాక సాళ్ళ మధ్య కలుపు కోసే ఇంకో పనిముట్టు కూడా రైతులు ఎడ్లకి కట్టి తోలుతున్నారని వర్ణించాడు.

ఇది చదివినప్పుడు లైబ్రరీలోనే నవ్వొచ్చింది. మన గొర్రూ, గుంటకా, దంతీ కదా ఇవి! మా నాన్న అరక కట్టి గుంటక తోలడం నేను చూస్తూ పెరిగాను. పత్తికీ మిరపకీ నిలువునా అడ్డంగా అచ్చు తోలి నాటితే గుంటక రెండువైపులా తిరుగుతుంది. నాన్న గుంటక మీద బరువు వేసి నిలబడే నడిచేవాడు. అంటే నిలబడి కలుపు తీయడం మనవాళ్ళకి టల్ చెప్పాల్సిన పని లేదు. మా ఊళ్ళోనే ఉంది. మరి అమ్మ ఎందుకు వంగింది?

గుంటక ఎటు తిరిగినా మొక్క మొదట్లో ఒక జానెడు చోటు మిగులుతుంది. ఎడ్లు అక్కడికి రాలేవు. ఆ జానెడు చోటు ఆడవాళ్ళది. అరక ఉన్నవాడిది నైపుణ్యం, దానికి ఎక్కువ కూలి. కలుపు ఏరేదానిది చేతి పని, దానికి అందులో సగం. పనిముట్టు మెరుగు చేస్తే ఆసామికి మిగిలేది ఏమిటి? రోజుకు పది రూపాయలకి పాతికమంది వంగడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, వాళ్ళ చేతిలోని కొడవలికి ఐదడుగుల కర్ర తగిలించే ఆలోచన ఎవరికి రావాలి? కర్రకి పెద్ద ఖర్చూ లేదు. అది ఇస్తే తనకి లాభం అనుకున్నవాడే లేడు.

ఈ మాట నా ఊహేమో అనుకుంటుండగా కాలిఫోర్నియా కథ దొరికింది. అక్కడ పొలాల్లో పనిచేసే మెక్సికన్ కూలీలకి పొట్టి పిడి పార ఇచ్చేవారు. స్పానిష్‌లో దాన్ని 'ఎల్ కోర్తీతో', అంటే పొట్టిది అనేవారు. పిడి అడుగో అటూ ఇటో ఉండేది. రోజంతా రెండుగా వంగితే తప్ప దాంతో పని జరగదు. పొట్టిదైతేనే పైరు దెబ్బతినకుండా పని బాగా కుదురుతుందని ఆసాములు వాదించారు. కానీ దానిలో ఇంకో సదుపాయం ఉంది: పొలం గట్టు మీద నుంచి చూస్తే ఎవరు నిలబడ్డారో, అంటే ఎవరు పని ఆపారో, మేస్త్రికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. డాక్టర్లు వచ్చి నడుములు ఎలా దెబ్బతింటున్నాయో సాక్ష్యం చెప్పారు. 1975లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూలీల పక్షాన తీర్పు చెప్పాక ఆ పార మీద నిషేధం వచ్చింది. పంటలు ఆగలేదు. పొడుగు పిడితోనే పండాయి. నడుము ఎత్తితే అరిచిన మా ఊరి మేస్త్రి గుర్తొచ్చాడు నాకు.

ఇక మందుల సంగతి. అది మనకి దగ్గర్లోనే మొదలైంది. బెర్క్‌షైర్‌లో జెలట్స్ హిల్ అనే చోట ఐసీఐ కంపెనీ పరిశోధన కేంద్రంలో టెంపుల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1940లో, మొక్కల పెరుగుదల హార్మోను లాంటి రసాయనం ఓట్స్ పైరులో చల్లితే ఓట్స్ బతికి, అడవి ఆవ మొక్కలు చచ్చిపోవడం గమనించాడు. యుద్ధకాలం కనుక రహస్యంగా ఉంచారు. యుద్ధం ముగిసిన వెంటనే ఆ కోవ మందులు మార్కెట్లోకి వచ్చాయి. అమెరికాలో మోన్శాంటో కంపెనీకి చెందిన జాన్ ఫ్రాంజ్ 1970లో గ్లైఫోసేట్ శక్తిని కనిపెడితే, 1974లో అది 'రౌండప్' పేరుతో వచ్చింది. మన రాష్ట్రాల్లో అనుమతి లేకుండానే ఈ మందుని తట్టుకునే పత్తి విత్తనం వ్యాపించింది. 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు గ్లైఫోసేట్ అమ్మకం మీద ఆంక్షలు పెట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2015లో అది బహుశా కేన్సర్ కారకమని చెప్పింది. ఐరోపా నియంత్రణ సంస్థలు ఆ మాట ఒప్పుకోలేదు.

ఇవన్నీ అమ్మకి చెప్పి, "మందు వచ్చింది కనక ఇప్పుడు ఆడవాళ్ళకి వంగే బాధ తప్పిందిగా" అన్నాను. అమ్మ నా వంక జాలిగా చూసింది. "వంగే బాధ తప్పింది. పిలిచే ఆసామీ తప్పాడు. మీ చిన్నమ్మనడుగు, ఇప్పుడు నెలకి ఎన్ని రోజులు పని దొరుకుతోందో" అంది. పొడుగు కర్ర నడుముని కాపాడి కూలిని మిగిలిస్తుంది. మందు నడుమునీ కూలినీ కలిపి తీసుకుపోతుంది. ఈ తేడా నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

మన పెరడులకి వస్తే, లండన్ బంకమట్టి మన నల్లరేగడికి దూరపు చుట్టం. తడిస్తే కాళ్ళకి అంటుకుంటుంది, ఎండితే బీటలిస్తుంది. అందుకని తడి ఆరిన ఎండరోజు పొద్దున్నే హో ఆడించండి. రెండాకుల మీదున్న కలుపు మధ్యాహ్నానికి వడిలిపోతుంది. ఇంకా పెద్దదయ్యాక చూద్దాం అనుకుంటే విత్తనం రాలుతుంది. లోతుగా తవ్వకండి, అడుగున నిద్రపోతున్న విత్తనాలకి వెలుగు చూపించినట్టే. డాండెలయన్ వేరునీ, బైండ్‌వీడ్ తీగ తెల్లవేర్లనీ మాత్రం హో ఏమీ చేయలేదు. కోస్తే ముక్క ముక్కా మళ్ళీ మొలుస్తుంది. వాటిని ఫోర్కుతో ఓపిగ్గా వేరుతో సహా లాగాలి. ఖాళీ చోట అట్టపెట్టెలు పరిచి పైన కంపోస్టు వేస్తే వెలుగందక చాలా కలుపు చస్తుంది. అన్నిటికంటే ముందు, మెంతికూరైనా గోంగూరైనా వెదజల్లకుండా వరసల్లో వేయండి. కర్ర మీ చంక ఎత్తుకైనా ఉండేట్టు చూసుకోండి.

అమ్మ డిసెంబరులో తిరిగి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒక కొత్త హో పలకని కర్ర లేకుండా కొని, చీరల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టాం. "నాకెందుకురా ఇప్పుడు, నా నడుము అయిపోయింది. మీ చిన్నమ్మకి పనికొస్తుందేమో" అంది. ఊళ్ళో కమ్మరి దాన్ని చూసి అలాంటివే ఇంకో మూడు చేశాడట. కర్రలు సరుగుడువి.

మొన్న చిన్నమ్మకి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను. సాళ్ళ మధ్య బాగానే పోతోందట. మొక్క మొదట్లో మాత్రం వంగక తప్పడం లేదంది. "మేస్త్రి ఏమన్నాడు పిన్నీ?" అన్నాను.

"మొదటి రోజు మమ్మల్నందర్నీ నిలబడుండగా చూసి, పని ఎందుకు ఆపారని అడిగాడురా" అంది.